పీహెచ్ మీటర్ రీడింగ్ నిలవకపోతే

కొత్త మీటర్ కొనేముందు ఎలక్ట్రోడ్ (ద్రావణంలో ముంచే గాజు కడ్డీ) చూడండి. మా ల్యాబ్‌లో ఐదు నిమిషాలైనా రీడింగ్ నిలవలేదు, స్లోప్ (ఒక్కో పీహెచ్‌కి ఎలక్ట్రోడ్ ఇచ్చే వోల్టేజీ, రావాల్సిన దానిలో ఎంత శాతమో) 88 శాతానికి పడింది. కారణం, ఎలక్ట్రోడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో వదిలేయడం. అందులో ఉంచితే లోపలి ఉప్పు జంక్షన్ (లోపలి ద్రావణం బయటి ద్రావణాన్ని తాకే సన్నని రంధ్రాల భాగం) గుండా బయటికి పోతుంది.

0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అరగంట ఉంచి కడిగాను. తర్వాత రాత్రంతా 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో. ఈ పొటాషియం క్లోరైడ్ 22.4 గ్రాములు నీళ్లలో కరిగించి 100 మిల్లీలీటర్లకు తెస్తే చాలు. ప్రోటీన్ నమూనాలతో జంక్షన్ మూసుకుపోతే మాత్రం ఆమ్లంలో పెప్సిన్ (ప్రోటీన్‌ను విడగొట్టే ఎంజైమ్) కూడా కలపాలి.

గాజు బల్బును టిష్యూతో రుద్దొద్దు, అద్దండి. రుద్దితే స్థిర విద్యుత్తు చేరి అంకె కుదురుగా ఉండదు. ద్రావణం నింపుకునే రకమైతే పక్కనున్న రంధ్రం మూత తీశాకే కాలిబ్రేట్ చేయండి, చాలామంది మరిచేది ఇదే! కాలిబ్రేషన్‌కి ముందు పీహెచ్ 7, తర్వాత 4 బఫర్ (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) వాడండి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కో పీహెచ్‌కి 59.16 మిల్లీవోల్టులు వస్తే స్లోప్ 100 శాతం. మాకు 97 వచ్చింది. వాడిన బఫర్‌ను తిరిగి సీసాలో పోయకండి.