చేత్తో గీసిన సినిమా బ్యానర్‌ను గ్యాలరీ గోడకు ఎక్కించాలంటే

ఫ్లెక్సీలు రాకముందు థియేటర్ మీద కట్టిన బ్యానర్ సినిమా ఆడినన్నాళ్ళు నిలిస్తే చాలనుకునేవారు. చాలావాటికి కింద సరైన పూత ఉండదు, నూనె రంగు నేరుగా గుడ్డలోకి ఇంకిపోతుంది. అలా నూనె తాగిన నూలు ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. జాగ్రత్తలన్నీ ఇందుకే.

మడతపెట్టి దొరికితే ఒక్కసారిగా విప్పొద్దు. రంగు ముందుగా పెచ్చులూడేది మడత గీత మీదే. గదిలో తేమ 50–55 శాతం ఉండగా ఒక మడత తెరిచి, ఒక రోజు ఆగి, తర్వాతది తెరవండి. ఇస్త్రీ చేయొద్దు. రాలిన పెచ్చుల్ని ఏ భాగానివో రాసి కవర్లో దాచండి.

దుమ్ముకు మెత్తటి బ్రష్, నైలాన్ వల కట్టిన వాక్యూమ్ గొట్టం చాలు. తడి వాడేముందు దూదిని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, పిండి, కనబడని మూల అద్ది చూడండి. దూదికి రంగు అంటిందా, అది డిస్టెంపరో పోస్టర్ కలరో అయ్యుంటుంది, ఇక నీటి జోలికి పోవద్దు. స్టిల్ (సినిమా ఫోటో) చూసి బొమ్మ పెంచడానికి కొట్టిన గళ్ళు హీరో చెంప మీది గులాబీ రంగులోంచి, నీడ పక్క నీలంలోంచి కనబడుతుంటే అలాగే ఉంచండి. అదే ఆ పనితనానికి సాక్ష్యం. వెలిసిన చోట కొత్త రంగు వేయించడం, మెరుపు కోసం వార్నిష్ పూయడం మా దృష్టిలో బొమ్మను పాడుచేయడమే. ఫెవికాల్‌తో ప్లైవుడ్‌కు అంటిస్తే మరీ దారుణం: వానాకాలంలో గుడ్డ ఒకలా, చెక్క ఒకలా కదిలి బుడగలు లేస్తాయి. మళ్ళీ ఊడదీయడమూ కుదరదు.

వేలాడదీయడానికి రెండంగుళాల వెల్క్రో మెత్తటి పట్టీని ముందు నూలు టేపుకు మిషన్ మీద కుట్టించండి. ఆ టేపును బ్యానర్ పై అంచున, రంగు లేని చోట, చేత్తో కుట్టాలి. ముళ్ళ పట్టీ గోడకు బిగించిన చెక్కకు. బరువు అంచంతా సమానంగా పడుతుంది. మేకులు కొడితే కొట్టిన చోటల్లా చిరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో బయటి గోడ వద్దు, చెమ్మ దిగుతుంది. చిన్న బొమ్మకు ఫ్రేమ్ కట్టిస్తే గాజు రంగుకు తగలకుండా ఎడం ఉంచండి. రంగు పొడిగా రాలుతుంటే అక్రిలిక్ షీట్ వద్దు, దాని స్టాటిక్ విద్యుత్తు రేణువుల్ని లాగేస్తుంది.

ప్రదర్శనలో వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత), రోజుకు 8 గంటలు, మూడు నెలలు. ఆ తర్వాత చీకట్లో విశ్రాంతి. అన్నిటికంటే ముందు వెలిసేవి ఫ్లోరసెంట్ రంగులు.

లేబుల్ మీద హీరో పేరు కంటే ముందు గీసినవారి పేరు వేయండి. ప్రసిద్ధ చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ కూడా బొంబాయిలో హోర్డింగులు గీసి బతికినవాడే. పేరు తెలియకపోతే స్టూడియో పేరు, కొలతలు, వాడిన రంగు.

దాచేటప్పుడు కనీసం ఆరంగుళాల వ్యాసమున్న గొట్టానికి, రంగు పక్క బయటికి ఉండేలా చుట్టండి. లోపలికి చుడితే రంగు నలిగి పైకి లేస్తుంది. పొరల మధ్య ఆమ్లం లేని టిష్యూ కాగితం, పైన ఉతికిన నూలు గుడ్డ. ప్లాస్టిక్ చుడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. గొట్టాన్ని నేల మీద ఆనించక రెండు కొసల దగ్గర స్టాండ్ మీద ఉంచి, వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి చెదలు, వెండిపురుగుల కోసం చూడండి.