పాత అంబాసిడర్: రింగులు మార్చినా రాని కంప్రెషన్ ఇలా వచ్చింది

విజయనగరంలో మా ఇంటి షెడ్డులోనే 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ విప్పి బిగించాను. కొత్త పిస్టన్ రింగులు వేసినా మూడో సిలిండర్‌లో కంప్రెషన్ (లోపలి గాలి నొక్కుకుని పుట్టే ఒత్తిడి) లేదు, స్లోలో, అంటే బండి నిలిపి ఇంజన్ నడుస్తుంటే, ఒకటే వణుకు. ప్లగ్గులు, పాయింట్లు, కార్బురేటర్, గ్యాస్కెట్ అన్నీ చూశాను, లాభం లేదు.

ప్లగ్ రంధ్రంలో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి కంప్రెషన్ మళ్ళీ కొలిచాను. రింగుల దగ్గర లీకుంటే ఆయిల్ ఆ సందుని మూసి రీడింగ్ పెంచుతుంది. రీడింగ్ పెరగలేదు. అంటే రింగులు కాదు, వాల్వులు. హెడ్ (వాల్వులుండే, సిలిండర్ల పైమూత) దించి, ప్లగ్గులు బిగించి, తిరగేసి ఛాంబర్లలో కిరోసిన్ పోశాను. మూడోదాని ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటకు పోయే దారి) తడిసింది, అంటే ఆ వాల్వు సరిగా మూసుకోవట్లేదు. దొరికింది!

ఆ వాల్వు అంచుకి గ్రైండింగ్ పేస్ట్ రాసి, సక్షన్ కర్రని (చివర రబ్బరు కప్పుతో వాల్వుని పట్టుకునేది) అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాను. ముందు గరుకు పేస్ట్, తర్వాత నున్నటిది. గరగర చప్పుడు మెత్తబడగానే వాల్వు లేపి, కాస్త జరిపి మళ్ళీ పెట్టాలి, లేదంటే గీతలు పడతాయి. సీటు (వాల్వు ఆనే చోటు) చుట్టూ ఎక్కడా తెగని బూడిదరంగు వలయం రావాలి. పేస్ట్ రవ్వంత కూడా మిగలకుండా కడగండి, ఇది చాలా ముఖ్యం. మళ్ళీ కిరోసిన్ పోస్తే చుక్క కారలేదు. హెడ్ బిగించి, ట్యాపెట్లు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) సరిచేశాక వణుకు పోయింది.

మీ బండికీ ఇదే పనిచేస్తుందని చెప్పలేను. ఆయిల్ పోసినప్పుడు రీడింగ్ పెరిగితే ముందు రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) చూడండి. వాల్వు వంగినా, గైడు (వాల్వు కాడ కదిలే గొట్టం) అరిగినా, సీటు గుంటపడినా పేస్ట్‌తో పని జరగదు, హెడ్‌ని లేత్ షాపుకి తీసుకెళ్ళాల్సిందే.