పెరట్లో పందిరి చిక్కుడు

కావలి దగ్గర మా ఊళ్ళో, ఇంటి వెనక రెండు సెంట్ల పెరట్లో పన్నెండేళ్ళుగా పందిరి చిక్కుడు వేస్తున్నాను. వేసినవాళ్ళంతా నన్ను అడిగేది ఒకటే: "తీగ ఇంత పెరిగింది, పూత రాలేదేంటక్కా?"

ఆషాఢంలో గింజ పెట్టి దసరాకే కాయ కావాలంటే ఎట్లా? పగలు తగ్గి రాత్రి పెరిగితేనే ఈ తీగ పూసేది. కార్తీకం దాకా ఆగాలి. ఈలోపు టెన్షన్ పడి యూరియా వేయొద్దు. ఒక ఏడు నేను వేశాను. ఆకులు చేటలంత అయ్యాయి గానీ సంక్రాంతికి గిన్నెడు కాయ కూడా రాలేదు. యూరియా ఇచ్చేది నత్రజనే, దాన్ని గాలిలోంచి చిక్కుడు వేళ్ళ మీది బుడిపెలే పట్టుకుంటాయి.

గుంత మూరెడు లోతు, మూరెడు వెడల్పు చాలు. బాగా చివికిన పశువుల ఎరువు ఒక తట్ట, గుప్పెడు వేపపిండి మట్టిలో కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి. గుంతకు నాలుగు గింజలు పెట్టి, మొలిచాక బలమైనవి రెండు ఉంచండి. గుంతల మధ్య ఆరడుగులు వదలాలి. నావి నాలుగే గుంతలు, ఇంటికి సరిపోగా పక్కింటికీ ఇస్తాను.

అసలు జాగ్రత్త పందిరి దగ్గరే కావాలి. పూత వచ్చేదీ మాకు పెద్ద వానలు కురిసేదీ ఒకే కాలం. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకి, నిండా పూత మీదున్న నా పందిరి పడిపోయింది. సరుగుడు గుంజ ఒక్కటీ విరగలేదు. అడుగు లోతే పాతాను, నానిన ఇసుక నేలలోంచి అన్నీ ఊడొచ్చాయి. ఆ రోజు ఏడుపొచ్చింది. ఇప్పుడు రెండడుగులు పాతి, మూలల్లో ఊతకర్రలు కడుతున్నాను. పందిరి ఎత్తు చెయ్యి చాపితే అందేంతే. మొదళ్ళకు మట్టి ఎగదోసి, నీళ్ళు నిలవకుండా చిన్న కాలవ తీస్తాను.

గుంజల మీద చీమలు బారుగా ఎక్కుతున్నాయంటే పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగులు, వచ్చినట్టే. లేత కొన తిప్పి చూడండి, ఆవాలు అతికించినట్టు నల్లగా ఉంటాయి. బాగా పట్టిన కొనలు గిల్లి సబ్బు నీళ్ళ బక్కెట్లో వేసేస్తాను. మిగతా తీగకు లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొడతాను.

గింజ ఉబ్బకముందే కాయ కోయాలి. గుత్తి కాడ తెంపొద్దు, దాని కొసన ఇంకా మొగ్గలుంటాయి.

రథసప్తమికి మా అత్త చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేస్తుంది, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడుతుంది. అందుకే దానికి ముందు వారం వేపనూనె కూడా కొట్టను. విత్తనానికి మాత్రం సంక్రాంతినాడే మంచి గుత్తులు రెండు చూసి ఎర్రదారం కడతాను, ఎవరూ కోయకుండా. అవి తీగ మీదే ఎండి గలగలమన్నాక ఒలిచి, బూడిద కలిపి డబ్బాలో పోసుకుంటాను.