స్కాన్ రిపోర్టు మనమే చదువుకుందాం – 4వ పాఠం: ఓవరీలో సిస్ట్ అని రాశారంటే

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క. కుడి ఓవరీ, అంటే అండాశయం, 3 × 2 × 2 సెం.మీ. ఉంటే పరిమాణం ఎంత? మూడూ గుణిస్తే 12, దాన్ని 0.523తో గుణిస్తే సుమారు 6.3 మి.లీ. పన్నెండు దగ్గరే ఆగిపోయినవాళ్లు ఓవరీని ఇటుకరాయి అనుకున్నారన్నమాట. అది బాదంగింజలా ఉంటుంది, మూలలు ఉండవు. ఆ తేడా కోసమే 0.523.

ఇక సిస్ట్. మన ఇళ్లలో నీటి బుడగ అంటారు, నీటి గడ్డ అంటారు. గడ్డ అనే మాట చెవిన పడగానే సగం ప్రాణం పోతుంది. ఈ పాఠం అయ్యేసరికి ఆ మాట దేని గురించి రాశారో మీరే పోల్చుకోగలగాలి. మందు రాయడం, ఆపరేషన్ తేల్చడం డాక్టరు పని, అది మనకొద్దు.

మీ రిపోర్టు తీయండి. కొలతల జోలికి అప్పుడే వెళ్లకండి. పైన పేరు, వయసు ఉన్నచోట ఎల్‌ఎంపీ అని ఉందేమో చూడండి. చివరి నెలసరి మొదలైన తేదీ అది. నెలసరి మొదలైన రోజును ఒకటిగా పెట్టుకుని స్కాన్ తీసిన రోజు దాకా లెక్కపెట్టండి. ఎన్నో రోజో రిపోర్టు మూలన రాసుకోండి. ఆ గడి ఖాళీగా ఉంటే పెన్నుతో మీరే నింపండి. రిపోర్టులో నన్ను అడిగితే అన్నిటికంటే విలువైన అంకె ఇదే, ఎవరూ చూడని అంకె కూడా ఇదే.

ఎందుకో చెప్తాను. ప్రతి నెలా అండం ఒక నీటి సంచిలో పెరుగుతుంది. దాని పేరు ఫాలికిల్. అండం విడుదలయ్యే ముందు, అంటే 28 రోజుల నెలసరి వాళ్లకు 13, 14 రోజుల ప్రాంతంలో, అది 18 నుంచి 25 మి.మీ. దాకా పెరుగుతుంది. స్క్రీన్ మీద నల్లగా, గుండ్రంగా కనిపిస్తుంది. సాదా సిస్ట్ కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది! అందుకే నెలసరి వచ్చే వయసులో 3 సెం.మీ. లోపు ఉన్న ఇలాంటి సంచిని ఫాలికిల్ అనే రాయాలన్నది రేడియాలజీలో పద్ధతి. అయినా సిస్ట్ అని రాసిన రిపోర్టులు వస్తూనే ఉంటాయి. మా పిన్ని కూతురికి 26 మి.మీ. సిస్ట్ అని రాస్తే ఇంట్లో ఆపరేషన్‌కి డబ్బెలా అని టెన్షన్ పడ్డారు. తేదీలు లెక్కపెడితే స్కాన్ 13వ రోజున తీశారు. అది ఆ నెల అండం ఉన్న ఫాలికిల్, అంతే.

రెండో అడుగు, సంచి లోపల ఏముందో చెప్పే మాటలు. సైజు కంటే ఇవి ముఖ్యం. అనెకోయిక్ అంటే లోపల అంతా నల్లగా ఉంది, ఒట్టి నీరు. యూనిలాక్యులర్ అంటే ఒకటే గది. గోడ పల్చగా, నున్నగా ఉంది, డాప్లర్‌లో, అంటే రక్తప్రవాహాన్ని చూపే స్కాన్‌లో, లోపల రక్తప్రవాహం లేదు అని కూడా ఉంటే అది సాదా సిస్ట్. రెటిక్యులర్ లేదా లేస్ లాంటి గీతలు అని ఉంటే సిస్ట్‌లోకి రక్తం చిమ్మి గడ్డకట్టిందని అర్థం. సాలెగూడులా కనిపిస్తుంది. పేరు హెమరేజిక్ సిస్ట్. వినడానికి భయంగా ఉన్నా చాలావరకు రెండు మూడు నెలల్లో తనంతట తానే కరిగిపోతుంది. గ్రౌండ్ గ్లాస్ అని ఉంటే మాత్రం కథ వేరు. గరుకు అద్దంలా మసకగా ఉండే ఇది ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరగడం) వల్ల వచ్చే చాక్లెట్ సిస్ట్ కావచ్చు. ఇది మామూలుగా దానంతట అది పోదు. నెలసరిలో మెలిపెట్టే నొప్పి, పిల్లలు ఆలస్యం కావడం దీనితో ముడిపడి ఉంటాయి. డెర్మాయిడ్ అని ఇంకో రకం సిస్ట్ ఉంది, అందులో కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. అండకణానికి ఒంట్లో ఏ భాగమైనా కాగల శక్తి ఉంది, అది దారితప్పితే ఇలా అవుతుంది. ఇందులో దిష్టీ లేదు, చేతబడీ లేదు.

సాలిడ్ కాంపొనెంట్ (గట్టి భాగం), పాపిలరీ ప్రొజెక్షన్ (గోడ నుంచి లోపలికి పొడుచుకొచ్చిన బొడిపె), మందమైన సెప్టేషన్లు (గదుల మధ్య అడ్డుగోడలు), లోపల వాస్క్యులారిటీ (రక్తప్రవాహం). ఈ మాటల్లో ఏది కనిపించినా కింద గీత గీసుకుని గైనకాలజిస్టు దగ్గరికి ఆలస్యం చేయకుండా వెళ్లండి. క్యాన్సర్ అని తేలినట్టు కాదు, తేల్చుకోవాల్సిందేనని.

ఇప్పుడు సైజు. నెలసరి వచ్చే వయసులో సాదా సిస్ట్ 5 సెం.మీ. లోపు ఉంటే సాధారణంగా వదిలేస్తారు. 5 నుంచి 7 మధ్య ఉంటే ఏడాదికోసారి స్కాన్. 7 దాటితే ఎంఆర్‌ఐ లేదా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఉన్న సిస్ట్‌ని గర్భనిరోధక మాత్రలు త్వరగా కరిగిస్తాయని రుజువు కాలేదు.

నెలసరి ఆగిపోయిన అమ్మలకు, అత్తలకు ఈ లెక్క పనికిరాదు. ఫాలికిల్ అనే వివరణ అక్కడ చెల్లదు కాబట్టి చాలాసార్లు ఓవరీ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే సీఏ-125 రక్తపరీక్ష కూడా చేయిస్తారు. రిపోర్టులో ఆ అంకె 35 (యూనిట్లు/మి.లీ.) దాటితే ఎక్కువ అంటారు. అదే పరీక్ష చిన్న వయసులో చేయిస్తే ఎండోమెట్రియోసిస్‌లో, ఫైబ్రాయిడ్స్‌లో (గర్భాశయంలో వచ్చే మామూలు గడ్డలు), నెలసరి రోజుల్లో, పొట్టలో టీబీ ఉన్నా పెరుగుతుంది. ఆ అంకె చూసి ఏడవకండి.

పీసీఓడీలో నీటి బుడగలు అంటారు కదా, అవి నిజానికి సిస్టులే కావు. 2 నుంచి 9 మి.మీ. ఉండే, పెరగకుండా ఆగిన ఫాలికిల్స్. ఓవరీ పీసీఓడీ తీరులో ఉందనడానికి 2003లో ఒక ఓవరీలో ఇవి 12 ఉంటే చాలన్నారు. మిషన్లు మెరుగై ఎక్కువ కనిపిస్తున్నాయని 2018లో 20 చేశారు. దీనికి 5వ పాఠం మొత్తం ఉంది.

ఒక్క సందర్భంలో మాత్రం రిపోర్టు చదువుతూ కూర్చోవద్దు. పొత్తికడుపులో ఒకపక్క ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, దాంతో వాంతులు వస్తే ఓవరీ మెలితిరిగి ఉండవచ్చు. పెద్ద సిస్టులు ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. గంటల్లో ఆపరేషన్ చేస్తేనే ఓవరీ దక్కే అవకాశం. డాప్లర్‌లో రక్తప్రవాహం మామూలుగానే ఉందని రాసినా నొప్పి తగ్గకపోతే ఆస్పత్రి వదిలి రావద్దు.

అభ్యాసం. వయసు 31. ఎల్‌ఎంపీ మార్చి 2, స్కాన్ మార్చి 23. ఎడమ ఓవరీలో 3.8 × 3.5 సెం.మీ. సిస్ట్, లోపల రెటిక్యులర్ ఎకోస్, లోపల రక్తప్రవాహం లేదు. ఇది ఎన్నో రోజు? ఏ రకం సిస్ట్? డాక్టరు మళ్లీ స్కాన్ చేయించమంటే కొత్త ఫాలికిల్ అడ్డం రాకుండా నెలసరిలో ఏ రోజులు ఎంచుకోవాలి? మూడోదానికి జవాబు ఈ పాఠంలో నేరుగా లేదు, ఫాలికిల్ పేరా మళ్లీ చదివితే దొరుకుతుంది.