ఇంగ్లీష్ మగపేరు మూలం వెతకడం ఎలా: ఎడ్వర్డ్ పేరుతో చూద్దాం

ఎడ్వర్డ్ అని గూగుల్ చేస్తే "సంపదను కాపాడేవాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తప్పని కాదు, కానీ ఆ పేరు ఎక్కడ పుట్టింది, ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలబడింది అనేదే నిజంగా బాగుండే కథ, అది మీరే తవ్వి తీయొచ్చు.

ముందు పాత స్పెల్లింగ్ పట్టుకోండి, ఇప్పటి రూపం చూసి అర్థం ఊహించొద్దు. పాత ఇంగ్లీష్‌లో ఇది రెండు ముక్కలు: ఎయాడ్ అంటే సంపద, భాగ్యం, వెయర్డ్ అంటే కాపలా. అదే మొదటి ముక్కతో వేరే పేర్లు కూడా ఉన్నాయేమో చూడండి. ఎడ్మండ్‌లో మండ్ అంటే రక్షణ, ఎడ్గర్‌లో గార్ అంటే బల్లెం, ఎడ్విన్‌లో విన్ చూస్తే గెలుపు అనిపిస్తుంది గానీ అది స్నేహితుడు, పాత రూపం చూడమనేది ఇందుకే.

ఇక్కడే ఒక జాగ్రత్త. రెండు ముక్కల్ని కలిపి ఎప్పుడూ వాక్యంలా చదవకండి, ఎందుకంటే అప్పటివాళ్లు చాలాసార్లు కుటుంబంలో నడుస్తున్న ముక్కనే తిప్పి తిప్పి పెట్టుకునేవాళ్లు. తొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఏలిన ఆల్ఫ్రెడ్ రాజు కొడుకు ఎడ్వర్డ్, ఆ ఎడ్వర్డ్ కొడుకుల్లో ఎడ్మండ్, ఎడ్రెడ్, మళ్లీ ఎడ్మండ్ కొడుకు ఎడ్గర్, అంటే పేరు వినగానే ఏ ఇంటివాడో తెలిసిపోయేది, నాకైతే అర్థం కంటే ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

తర్వాత ఆ పేరుని ఎవరు మోశారో చూడండి. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక విలియం, రాబర్ట్, రిచర్డ్ లాంటి పేర్లు వచ్చిపడి పాతవి చాలావరకు మూలపడ్డాయి. ఎడ్వర్డ్ మాత్రం బతికింది. 1066లోనే చనిపోయిన ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ ది కన్ఫెసర్‌ని 1161లో సెయింట్‌గా ప్రకటించారు, తర్వాతి కాలపు రాజు మూడో హెన్రీకి ఆయనంటే మహా భక్తి, అందుకే 1239లో పుట్టిన కొడుక్కి ఆ పేరే పెట్టాడు, ఆ పిల్లాడే మొదటి ఎడ్వర్డ్‌గా 1272లో రాజయ్యాడు, ఆ తర్వాత కొడుకు, మనవడు కూడా ఎడ్వర్డ్‌లే, 1377 దాకా వరసగా ముగ్గురు.

ముద్దుపేర్లు కూడా వదలకండి. నెడ్‌లో ముందున్న "న" ఎక్కడిది అంటే, పాతకాలంలో "నా ఎడ్" అనడానికి "మైన్ ఎడ్" అనేవాళ్లు, అది వింటూ వింటూ "మై నెడ్" అయిపోయింది.

అన్ని పేర్లకీ ఈ విడగొట్టుడు పనికిరాదు. జాన్ హీబ్రూ నుంచి, జార్జ్ గ్రీకు నుంచి వచ్చినవి. స్టాన్లీ, బ్రాడ్లీ అయితే మొదట ఊళ్ల పేర్లు, తర్వాత ఇంటిపేర్లు, ఆ తర్వాతే పిల్లల పేర్లయ్యాయి, వాటి చివర లీ అంటే అడవి మధ్యలో ఖాళీ చోటు, కాబట్టి అలాంటివాటికి మనిషి గుణం వెతక్కుండా నేల ఎలా ఉండేదో వెతకండి.