చెరువు హద్దుల మ్యాపు గీసే ముందు

వానలు మొదలయ్యేలోపు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తి నీటిమట్టం), బఫర్ (దాని చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన పట్టీ) మ్యాపులు సిద్ధం చేసేవాళ్లు మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ తెరిచే ముందు ఇవి చూసుకోండి.

• వేసవి ఉపగ్రహ చిత్రంలో కనిపించే నీటి అంచును ఎఫ్‌టీఎల్‌గా గీయకండి. మత్తడి (అలుగు) పైమట్టం దాకా చెరువు నిండితే నీరు ఆగే గీతే ఎఫ్‌టీఎల్. ఎండిన శిఖం భూమి (చెరువు లోపలి నేల) హద్దు బయట పడిందంటే ప్లాట్లు అక్కడే వెలుస్తాయి. ఆ తర్వాత దిద్దడం కోర్టు పని.

• మత్తడి మట్టం, ఒడ్డు మట్టాలు లెవెల్ యంత్రంతో తీయించండి. ఉచితంగా దొరికే ఎత్తుల డేటాలో మీటర్ల కొద్దీ తేడా మామూలే. 500 మీటర్లకు ఒక మీటరు వాలున్న చోట మీటరు తప్పితే హద్దు అర కిలోమీటరు జరుగుతుంది!

• బఫర్ వేసే ముందు లేయర్‌ను యూటీఎంలోకి, అంటే మీటర్లలో కొలిచే పద్ధతిలోకి, మార్చండి. డిగ్రీల్లో ఉండగా 30 కొడితే అది 30 డిగ్రీలే. తెలంగాణ చాలావరకు యూటీఎం 44ఎన్ జోన్. 78 డిగ్రీల రేఖాంశానికి పడమర, జహీరాబాద్ వైపు, 43ఎన్.

• బఫర్ దూరం చెరువు సైజును బట్టి మారుతుంది. 2012 నాటి జీవో 168లో 10 హెక్టార్లు, ఆపైన ఉంటే 30 మీటర్లు. అంతకన్నా చిన్నదైతే 9.

• 1:50,000 టోపోషీటు (సర్వే ఆఫ్ ఇండియా పటం) నుంచి హద్దు ఎత్తొద్దు. అర మిల్లీమీటరు గీత నేల మీద 25 మీటర్లు. బఫర్ దాదాపు గీతలోనే పోతుంది.

• తెలంగాణ భూమి రికార్డులో 12.20 అంటే 12 ఎకరాల 20 గుంటలు, అంటే పన్నెండున్నర. ఆంధ్రలో అదే అంకె 20 సెంట్లు.

• గ్రామసభకు చేరేది నలుపు తెలుపు జిరాక్స్ కాపీ. ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్లకు రంగులతో పాటు చారలూ వేయండి.