5 ఏళ్ళ పాపకి 18 ఏళ్ళ గుర్రం

మా తాత గుడివాడలో జట్కా తోలేవాడు. గుర్రం బేరానికి వెళ్తే ముందు సుళ్ళు చూసేవాడు, తర్వాత పళ్ళు చూసేవాడు. ఆ పైన ఓ పక్కకి జరిగి బీడీ ముట్టించేవాడు. "ఊరికే నిలబడి చూడరా, అదే చెప్తుంది" అనేవాడు. ఆ మాట విలువ నాకు ఇంగ్లండొచ్చి, 2,000 పౌండ్లు పోగొట్టుకున్నాక గానీ తెలిసిరాలేదు.

మేముండేది డెవన్‌లో, డార్ట్‌మూర్ అనే కొండనేల అంచున ఓ పల్లెలో. ఇక్కడ కొండమీద పోనీలు, అంటే పొట్టి గుర్రాలు, గుంపులుగా తిరుగుతుంటాయి. చూడ్డానికి అడవి గుర్రాల్లా ఉంటాయి గానీ ప్రతిదానికీ యజమాని ఉంటాడు. బడికెళ్ళే దారిలో రోజూ వాటిని చూసి మా పాప నాకూ ఒకటి కావాలని పట్టుబట్టింది. అప్పుడు దానికి 4 ఏళ్ళు. నేను తెచ్చిందీ 4 ఏళ్ళదే, షెట్లాండ్ అనే బాగా పొట్టి జాతి పోనీ. ఇద్దరూ కలిసి పెరుగుతారులే అనుకున్నాను! కళ్ళమీదికి పడే జూలుతో బొమ్మలా ఉండేది. వారం తిరక్కుండానే క్యారెట్ కోసం పాప జేబు కొరికింది. మూడో వారం నడుస్తూ నడుస్తూ గడ్డి కోసం ఠక్కున తల దించితే, పాప దాని మెడమీంచి జారి ముందుకు పడింది. దెబ్బలేం తగల్లేదు గానీ ఏడాదిపాటు గుర్రం పేరెత్తలేదు. తప్పు గుర్రానిది కాదు, దానికే ఎవరూ ఏమీ నేర్పలేదు.

కాబట్టి ముందు చూడాల్సింది వయసు. 12 నుంచి 20 ఏళ్ళ మధ్యది వెతకండి. పోనీలు 30 ఏళ్ళు బతకడం వింతేం కాదు, 18 అంటే మరీ ముసలిదని భయపడక్కర్లేదు. విత్తులు కొట్టిన మగదైతే ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉంటుంది, నెమ్మదైన ఆడదైనా పర్వాలేదు. కొట్టని మగదాని జోలికి మాత్రం పోకండి. ఇక్కడ శరత్కాలంలో కొండమీది మందల్ని కిందికి తోలుకొచ్చి గుర్రప్పిల్లల్ని అమ్ముతారు, దాన్ని డ్రిఫ్ట్ అంటారు. ధర చూసి నోరూరుతుంది. వద్దు.

ఎత్తు లెక్క "హ్యాండ్స్"లో చెబుతారు. మన బెత్తెడు లాంటిదే, కాకపోతే వాళ్ళది కచ్చితంగా 4 అంగుళాలు. జూలు ఆగిపోయే చోట, మూపు దగ్గర కొలుస్తారు. షెట్లాండ్ 42 అంగుళాలు దాటదు, వెల్ష్ సెక్షన్ ఏ అనే ఇంకో రకం పోనీ 12 హ్యాండ్స్ దాకా ఉంటుంది. ఎత్తుకంటే నేను వెడల్పే ఎక్కువ చూస్తాను. షెట్లాండ్ వీపు చాలాసార్లు పీపాలా ఉంటుంది. పొట్టి కాళ్ళు రెండు పక్కలకీ చాచుకుపోతాయి, పిల్లకి పట్టు దొరకదు, జీను కూడా పక్కకి జారుతుంది. సన్నవీపుది, పక్కన నడిచే మన చెయ్యి పిల్ల నడుముకి అందేంత ఎత్తుది అయితే చాలు.

ప్రకటనల్ని పెళ్ళి ప్రకటనల్లాగే చదవాలి. "చురుకైనది" అంటే ఆపితే ఆగదని. "ధైర్యమున్న పిల్లకి సరిపోతుంది" అంటే ఇప్పటికే ఒకరిని పడేసిందని. అసలు మంచి పోనీలు ప్రకటనల దాకా రావు, ఇంటినుంచి ఇంటికి చేతులు మారిపోతాయి. లాడాలు కొట్టే ఆయన్ని అడగండి. ఆ చుట్టుపక్కల ఏ గుర్రం కాలు బుద్ధిగా ఇస్తుందో, ఏది తంతుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. మా రెండోది, టాఫీ, అలా దొరికిందే.

చూడ్డానికి వెళ్ళేముందు ఫోన్లో "పట్టి ఉంచకండి, పొలంలోనే వదిలెయ్యండి" అని చెప్పాను. అరగంట ముందే వెళ్ళాను. మనం వెళ్ళేసరికి జీను కట్టి సిద్ధంగా ఉండి, జీను కింద చెమట పట్టి ఉంటే, మన ముందు నెమ్మదిగా కనపడాలని పొద్దుటినుంచీ పరిగెత్తించారేమోనని అనుమానించాలి. ఆ రోజు సన్నగా వాన. టాఫీ అవతలి కంచె దగ్గర మేస్తోంది. వాళ్ళబ్బాయి, ఏడేళ్ళుంటాయి, దాణా బకెట్ లేకుండా ఉత్త తలపట్టెతో వెళ్ళాడు. అది తలెత్తి చూసింది, రెండడుగులు తనే ముందుకేసి తలపట్టెలో మూతి దూర్చింది. వచ్చే దారిలో వాడు బురదలో జారి సరిగ్గా దాని ముందుకాళ్ళ దగ్గర పడ్డాడు. అక్కడే ఆగిపోయింది, వాడు లేచేదాకా డెక్క కదపలేదు. నా మనసులో బేరం అప్పుడే కుదిరిపోయింది.

అయినా మిగతావన్నీ చూశాను, మీరూ చూడండి. గొడుగు టప్పున తెరిచాను. ఒక చెవి తిప్పి మళ్ళీ నమలడంలో పడింది. పొట్ట కింద, వెనక తొడల మధ్య చెయ్యి పెట్టాను. నాలుగు కాళ్ళూ ఎత్తి చూశాను. తోడు గుర్రాన్ని వదిలి ఒంటరిగా రోడ్డుమీదికి తీసుకెళ్ళమన్నాను, చాలా పోనీల బండారం ఇక్కడే బయటపడుతుంది. సకిలిస్తూ వెనక్కి లాగే పోనీ అయితే వదులుకోండి. ముందు వాళ్ళ పిల్ల ఎక్కాలి, మీ పిల్ల చివర్న. ఎక్కించేవాళ్ళు లేరంటే తిరిగొచ్చెయ్యండి.

ఒంట్లో చూడాల్సిన జబ్బులు ముఖ్యంగా రెండు. మెడపైన కొవ్వు గట్టిగా కట్టి ఉన్నా, డెక్కమీది గీతలు మడమవైపు వెడల్పవుతున్నా లామినైటిస్, అంటే డెక్క లోపల వాచే జబ్బు, వచ్చిపోయిందేమో అడగండి. వసంతంలో పచ్చిగడ్డి ఎక్కువ మేసే పోనీలకి ఇది తిరగబెడుతుంది. రెండోది స్వీట్ ఇచ్, చిన్న దోమల కాటుకి వచ్చే దురద. చలికాలంలో దోమలుండవు కాబట్టి కొనేటప్పుడు బయటపడదు. జూలు ఎత్తి, తోక మొదలు చూసి, వెంట్రుకలు అరిగిపోయాయేమో గమనించండి. కొనేముందు మీరు పెట్టుకున్న వెటర్నరీ డాక్టరు చేత అయిదు అంచెల పరీక్ష చేయించండి. రక్తం తీసి 6 నెలలు దాచిపెడతారు, మత్తుమందిచ్చి అమ్మారన్న అనుమానం వస్తే తర్వాతైనా తేల్చవచ్చు. గుర్రానికుండే గుర్తింపు పుస్తకం పాస్‌పోర్టు, దాని ఒంట్లోని మైక్రోచిప్ ఒకదానితో ఒకటి సరిపోలాలి.

ఇంటికొచ్చాక: పలుపు ఎప్పుడూ చేతికి చుట్టుకోకూడదు, మీరైనా పాపైనా. హెల్మెట్ లేకుండా పొలంలోకి అడుగు పెట్టనివ్వను. జేబులో తినుబండారాలు నిషేధం, పెట్టాల్సినవి బకెట్‌లోనే. గడ్డి కోసం తల దించకుండా జీనుకి కట్టే పట్టీలు, గ్రాస్ రెయిన్స్ అంటారు, ముందే కొనండి, నాలా పడ్డాక కాదు. రికాబు పాప బూటుకన్నా ఓ అంగుళం వెడల్పుండాలి, పడితే కాలు ఇరుక్కోకుండా.

టాఫీకి ఇప్పుడు 19. మరో రెండేళ్ళకి పాప కాళ్ళు దాని పొట్ట దిగి వేలాడతాయి. పక్క ఊరి నుంచి ఇద్దరు అప్పుడే అడిగి వెళ్ళారు. లాడాలాయనే చెప్పాడట.